పంచాయతీ రౌటరు: దాని లెక్క, దాని కాపుదల

(ఒంటిమిట్టలో గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు నేను మాటాడవలసిన విషయము చాల చిన్న వస్తువును గూర్చినది. మీ పంచాయతీ కార్యాలయములో బల్లమీదనో, గోడమూలనో, బీరువాపైననో రెండు మూడు పచ్చని దీపములు మిణుకుమనుచు ఒక పెట్టె యుండును. దానికి రౌటరని పేరు. మనవారు వైఫై డబ్బా యందురు. నెట్టు రానప్పుడు స్విచ్చి ఆపి మరల వేయుట తప్ప దానికి మనము చేయు ఉపచారము లేదు. కార్యాలయములోని కుర్చీలకు, బీరువాలకు, చీపురులకు సైతము మనకు రిజిస్టరు కలదు. ఈ పెట్టెకు మాత్రము అనేక గ్రామములలో లెక్క లేదు. ఆ లెక్క ఎందుకు కావలెనో, దానిని ఎట్లు పెట్టి నడపవలెనో మనవి చేయుటయే నా ప్రసంగోద్దేశము.

తీగమీద నడచు ప్రజాధనము

ఒంటిమిట్టలో నిలిచి ప్రజాధనమును గూర్చి మాటాడునప్పుడు వావిలికొలను సుబ్బారావుగారిని తలపకుండుట సాధ్యము కాదు. శ్రీ కోదండరామస్వామి ఆలయోద్ధరణకై ఆ మహనీయుడు టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర తిరిగి విరాళములు కూర్చిన సంగతి పెద్దలెల్లరు ఎరిగినదే. ఆ చిప్పలో పడిన కాసు కంటికి కనబడునది. ఇచ్చినవారు చూచిరి, పుచ్చుకొన్నవారు చూచిరి. నేటి పంచాయతీ ధనము అట్లు కనబడదు. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ అను వేదిక దేశమంతట ప్రారంభమైనది. ఆర్థిక సంఘము నిధులనుండి చేయు చెల్లింపు అందులో నమోదై, బాధ్యుల డిజిటల్ సంతకములతో నేరుగా బ్యాంకు ఖాతాకు చేరుచున్నది. నోటు చేతులు మారదు. సంతకమునకు సిరా అక్కరలేదు.

ధనమొక్కటియే కాదు. జనన మరణముల నమోదు, ఇంటిపన్ను, రైతు అడంగలు, 1బి నకలు, ఆధారు వివరములు, పింఛనుదారుల జాబితా, ఇవన్నియు నేడు తీగమీదనే నడచుచున్నవి. కార్యాలయమునుండి జరుగు ఈ పనులలో హెచ్చుభాగము ఆ చిన్నపెట్టె గుండా పోవలసినదే. ఖజానా గదికి తాళమున్నదా యని అడుగు పంచాయతీ, ఖజానాకు పోవు ఈ దారికి తాళమున్నదా యని కూడ అడుగవలెను గదా!

రౌటరనగా నేమి?

చెరువు ఎరిగిన వారికి రౌటరు క్రొత్త వస్తువు కాదు. చెరువునీరు తూముగుండా వచ్చి, ప్రధాన కాలువలో పారి, మడవలు తీసినచోట మళ్ళకు చేరును. ఏ మడవ తీయవలెనో, ఏది కట్టవలెనో నీరుగంటి ఎరుగును. బయటినుండి వచ్చు ఇంటర్నెట్టు ధారను లోపలి కంప్యూటర్లకు, ఫోనులకు, వేలిముద్ర యంత్రములకు పంచునది రౌటరు. అయితే ఒక భేదము కలదు. నీరు ఒకవైపుననే పారును. సమాచారము రెండువైపుల పారును. లోపలివారు బయటికి పోవు దారినే బయటివారు లోపలికి రాజూతురు. కావున రౌటరు తూము మాత్రమే కాదు, ఊరివాకిలి కూడ.

ఈ వాకిళ్ళు ఇకముందు దేశములోని ప్రతి పంచాయతీకి రానున్నవి. గ్రామములకు కాంతితంతి తీగలు వేయు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో ఆమోదించెను. అది తరువాత భారత్‌నెట్ అను పేరు పొందెను. మన రాష్ట్రమున 2015లో ఏర్పడిన ఫైబర్‌నెట్ సంస్థ, కరెంటు స్తంభముల మీదుగనే తీగలు లాగు పద్ధతిని చేపట్టగా, ఆ ఫైబర్ గ్రిడ్డును 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితము చేసిరి. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము 1,39,579 కోట్ల రూపాయల వ్యయముతో సవరించిన భారత్‌నెట్ పథకమును ఆమోదించెను. దాని ప్రకారము 2 లక్షల 64 వేల గ్రామ పంచాయతీలను వలయాకారమున కలుపవలెను. ఒకచోట తీగ తెగినను, వలయము రెండవవైపునుండి సమాచారము రాగలదు. ఆ పథకములో మండల కేంద్రమునందును, గ్రామ పంచాయతీయందును రౌటర్లు నిలుపుట, వానిని ఒక కేంద్రస్థానమునుండి కనిపెట్టుట, 10 ఏండ్ల నిర్వహణ, కరెంటు పోయినప్పటి ఏర్పాటు కూడ చేరియున్నవి.

ఇచట ఒక విషయము గుర్తుంచుకొనవలెను. పథకము క్రింద వచ్చిన రౌటరు ఆ పథకమువారి లెక్కలో నుండును. దానికి చోటును, కరెంటును, రక్షణను సమకూర్చుట మన వంతు. దానిని విప్పుట, మార్చుట మన పని కాదు. కాని దానికి తగిలించి పంచాయతీ తన డబ్బుతో కొనిన పెట్టెలు, బడిలో దాత ఇచ్చిన పెట్టె, సమావేశ మందిరములో వైఫైకి పెట్టిన పెట్టె, ఇవి ఎవరి లెక్కలో నున్నవి? నేటి మన ప్రశ్న ఇదియే.

జరిగిన కీడు

ఇంత చిన్న పెట్టెవలన ఏమి కీడు జరుగునని కొందరు అడుగవచ్చును. జరిగినవే చెప్పెదను.

2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము లోకమంతట తిరిగి రౌటర్లను, నిఘా కెమేరాలను వశపరచుకొనెను. అది గొప్ప మంత్రమేమియు వేయలేదు. కార్ఖానాలో పెట్టి పంపిన వాడుకపేర్లు, పాస్‌వర్డులు అరువదికి పైగా దగ్గర నుంచుకొని, ఒక్కొక్క వాకిట వానిని పెట్టి చూచుచు పోయెను. కొన్ననాటి పాస్‌వర్డును మార్చని పెట్టెలన్నియు చిక్కినవి. అట్లు చిక్కిన పెట్టెలచేతనే 2016 అక్టోబరు 21న అమెరికాలోని డిన్ అను సంస్థ మీద దాడి చేయించగా, ప్రసిద్ధమైన అనేక సేవలు గంటల తరబడి నిలిచిపోయెను. ఆ పెట్టెల యజమానులకు తమ పెట్టె దొంగలకు కూలిపని చేయుచున్నదన్న సంగతియే తెలియదు.

మన దేశమునందు 2017 జూలైలో బి.ఎస్.ఎన్.ఎల్. ఖాతాదారుల మోడెములు ఇట్టి ప్రోగ్రాము బారినపడెను. కార్ఖానా పాస్‌వర్డులు మార్చుకొనుడని ఆ సంస్థ ఖాతాదారులను హెచ్చరించెను. 2018 మే నెలలో వి.పి.ఎన్.ఫిల్టర్ అను మరియొక ప్రోగ్రాము బయటపడెను. 54 దేశములలో 5 లక్షల పెట్టెలకు తక్కువ కాకుండ దానికి లోబడెను. తనగుండా పోవు సమాచారమును దొంగచాటుగ వినుటయే కాక, ఆజ్ఞ అందగనే పెట్టెను పనికిరాకుండ చేయు శక్తి దానికి ఉండెను.

2017 మేలో వానాక్రై అను ప్రోగ్రాము అనేక దేశములలో కంప్యూటర్లను బంధించి సొమ్ము అడిగినప్పుడు, తిరుమల తిరుపతి దేవస్థానముల కార్యాలయ కంప్యూటర్లు కొన్ని దాని పాలబడెను. ఈ ఒంటిమిట్ట ఆలయము 2015నుండి ఆ దేవస్థానముల నిర్వహణలోనిదే యగుటచే ఆ వార్త మనకు దూరపు వార్త కాదు. అది రౌటరు దోషము కాదు, మరమ్మతు చేయని కంప్యూటర్ల దోషము. ఆ లోపమునకు మైక్రోసాఫ్టు సంస్థ 2017 మార్చిలోనే సవరణ విడుదల చేసెను. మందు ఉండియు పుచ్చుకొననివారే జబ్బుపడిరి. రౌటరు విషయమునను ఇదే న్యాయము.

సరిహద్దు దోషము

మన కడప జిల్లాలోనే పోరుమామిళ్ళ చెరువు కలదు. దాని శాసనము 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. చెరువునకు ఉండవలసిన 12 అంగములను, ఉండరాని 6 దోషములను ఆ శాసనము పేర్కొనుచున్నది. కట్ట ఊటెత్తుట, నేల చవుడుగ నుండుట మొదలైన దోషముల నడుమ, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట కూడ చెరువునకు దోషమని అందు చెప్పబడినది. అది మన్ను దోషము కాదు, నీటి దోషము కాదు. ఇద్దరి నడుమ నున్న చెరువునకు కట్ట తెగినప్పుడు ఏ రాజు మన్ను పోయును?

మన రౌటర్లకు పట్టిన దోషమిదే. పెట్టె ఒక శాఖ ఇచ్చినది, తీగ ఒక సంస్థది, గది పంచాయతీది, కరెంటు బిల్లు వేరొకరిది. పాస్‌వర్డు పెట్టిన కుర్రవాడు ఊరు విడిచి పోయెను. పెట్టె చెడినచో ఒకరు రెండవవారిని చూపుదురు. చెడనిచో ఎవరును దానిని చూడరు. ఎవరి లెక్కలోను లేని రౌటరే అన్నిటికంటె ప్రమాదకరమైన రౌటరు. ఈ ఒక్క మాటను మీరు జ్ఞాపకముంచుకొన్నచో నేటి నా పని నెరవేరినట్లే.

క్లౌడు రక్షణ వేదిక

ప్రతి ఊరిలోను ఒక ఇంజినీరును కూర్చుండబెట్టుట సాధ్యము కాదు. వేలకొలది శాఖలు గల బ్యాంకులకు, పెద్ద సంస్థలకు కూడ ఈ చిక్కే వచ్చినది. దానికి వారు కనుగొన్న ఉపాయము క్లౌడు రక్షణ వేదిక. సిస్కో, ఫోర్టినెట్, జడ్‌స్కేలర్ మొదలైన పలు సంస్థలు ఇట్టి వేదికలను నడుపుచున్నవి. ఏ ఒక్కరి సరుకును మెచ్చుకొనుట నా ఉద్దేశము కాదు. పద్ధతిని మాత్రమే చెప్పుచున్నాను.

క్లౌడు అనగా ఆకాశమున ఉన్నది కాదు. అది నేలమీదనే, గొప్ప భవనములలో నిలిపిన కంప్యూటర్ల సముదాయము. దానిని దూరమునుండి తీగద్వారా వాడుకొందుము. మన ప్రభుత్వమునకు కూడ మేఘరాజ్ అను పేర ఇట్టి క్లౌడు కలదు. జాతీయ సమాచార కేంద్రమువారు 2014నుండి దానిని నడుపుచున్నారు.

రక్షణ వేదిక రెండు పనులు చేయును. మొదటిది, తనలో చేరిన రౌటర్లన్నిటికి ఒకే చిట్టా పెట్టుట. ఏ పెట్టె ఏ ఊరిలో నున్నది, పనిచేయుచున్నదా, దాని సాఫ్ట్‌వేరు క్రొత్తదా పాతదా, అన్న సంగతులు ఒకే తెరమీద కనబడును. రెండవది, పోవువానిని వచ్చువానిని పరీక్షించుట. ఊరి రౌటరునుండి వేదిక వరకు మూతవేసిన గొట్టమువంటి మార్గము ఏర్పడును. దానిని టన్నెలు అందురు. అందు పోవు సమాచారమును దారిలో ఎవరు అడ్డగించినను చదువలేరు. వేదికకు చేరిన పిమ్మట, ఆ కోరిన చిరునామా మంచిదా, మోసగాండ్రదా యని చూచి, మంచిదైన బయటికి పంపును, కానిచో ఆపును. ఒక గుమాస్తా నకిలీ బ్యాంకు లింకును తెలియక నొక్కినను, ఆ చిరునామా మోసపు జాబితాలో నున్నచో వాకిటనే ఆగిపోవును.

రౌటరును చేర్చు విధము

రౌటరును ఇట్టి వేదికలో చేర్చుట కష్టమైన పని కాదు. వేదికను బట్టి మెట్లు కొంచెము మారినను క్రమము ఇదియే.

మొదట పెట్టె అడుగున అంటించిన చీటీని చూడవలెను. దానిమీద ఆ పెట్టెకు మాత్రమే చెందిన సీరియల్ నంబరు ఉండును. పశువునకు చెవిపోగు ఎట్టిదో రౌటరునకు ఈ అంకె అట్టిది. ఒక్క అంకె తప్పినను పెట్టె చేరదు. ఆ మోడలు ఆ వేదికకు ఒప్పునదేనా యని కొనుటకు ముందే విచారించవలెను. ఒప్పని పెట్టెను చౌకగ వచ్చెనని కొనుట పైకము వ్యర్థము.

రెండవది, జిల్లాలోనో రాష్ట్ర కేంద్రమునందో వేదికను నడపు అధికారి ఆ అంకెను నమోదు చేసి, పెట్టెకు పేరు పెట్టవలెను. పేరు చూడగనే చోటు తెలియవలెను. కడప-ఒంటిమిట్ట-పంచాయతీ-01 యనుట మేలు. ‘క్రొత్త రౌటరు’ అని పెట్టినచో, ఆరు నెలలకు అట్టివి పది కనబడును, ఏది ఎక్కడిదో తెలియదు.

మూడవది, వేదిక ఒక తాళపుచెవిని పుట్టించును. అది ఇనుప చెవి కాదు, పొడవైన అక్షరముల వరుస. పెట్టె తొలిసారి వేదికను పలుకరించినప్పుడు దానిని చూపవలెను. దానిని వాట్సాప్ గుంపులో పెట్టుట, గోడమీద వ్రాయుట కూడదు. గడువు గల చెవి మేలు. గడువు దాటినచో దొంగ చేతికి చిక్కినను పనిచేయదు. కొన్ని పెట్టెలకు ఈ గుర్తింపును కార్ఖానాలోనే లోపల పొదిగి పంపుదురు.

నాలుగవది, ఊరిలో పెట్టెకు తీగ తగిలించి స్విచ్చి వేయుట. అది తనంతట తానే వేదికను వెదకికొని పోయి తన గుర్తింపు చెప్పుకొనును. వేదిక దానిని ఎరిగి, దానికి కావలసిన అమరికను, పాటింపవలసిన నియమములను పంపును. ఊరిలో వానిని ఎవరును చేతితో అమర్చవలసిన పని లేదు.

ఐదవది, సరిచూచుట. తెరమీద పచ్చగుర్తు కనబడినంత మాత్రమున పని ముగియలేదు. ఊరిలోని కంప్యూటరునుండి ఈ-గ్రామస్వరాజ్ తెరచుకొనుచున్నదా, వేలిముద్ర యంత్రము పనిచేయుచున్నదా, ఆపవలసినది ఆగుచున్నదా యని చూచి, ఆ తేదీని రిజిస్టరులో వ్రాసికొనవలెను.

నడుపు విధము

చేర్చుట ఒకనాటి పని, నడుపుట నిత్యపు పని. ఇందు ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది గుంపులు. కార్యాలయమునకు, బడికి, జనులకిచ్చు ఉచిత వైఫైకి ఒకే నియమము పనికిరాదు. బడి రౌటర్లన్నిటిని ఒక గుంపుగను, కార్యాలయములవానిని వేరొక గుంపుగను చేసినచో, గుంపునకు ఒక్కసారి వ్రాసిన నియమము అందులోని పెట్టెలన్నిటికి చేరును. ఒకే కార్యాలయములో కూడ జనుల వైఫైని, చెల్లింపులు చేయు కంప్యూటరును వేరు వేరు కాలువలుగ ఉంచవలెను. తాగునీటి కాలువలో పశువులను కడుగనిత్తుమా?

రెండవది నవీకరణ. లోపములు బయటపడినప్పుడెల్ల తయారుచేయువారు రౌటరు సాఫ్ట్‌వేరునకు సవరణలు పంపుచుందురు. వేదిక వానిని పనిలేని రాత్రివేళ అన్ని పెట్టెలకు పంపగలదు. మొదట కొన్ని పెట్టెలకు పంపి, మంచిచెడ్డలు చూచి, తరువాత అన్నిటికి పంపుట వివేకము.

మూడవది కనిపెట్టుట. పెట్టె మాటాడుట మానినచో తెరమీద ఎఱ్ఱగుర్తు వచ్చును. అది తీగ తెగుటవలన కావచ్చును, కరెంటు పోవుటవలన కావచ్చును, పెట్టెను ఎవరో విప్పుటవలన కావచ్చును. ఆ భేదము దూరమునున్న అధికారికి తెలియదు. కంటితో చూచి చెప్పువాడు ఊరిలో ఒకడు ఉండవలెను.

నాలుగవది తొలగించుట. చేర్చుటయందు చూపు శ్రద్ధలో సగమైనను తొలగించుటయందు చూపువారు తక్కువ. ఒంటిమిట్టకే ఒక ఉదాహరణ చెప్పెదను. రాష్ట్ర విభజన తరువాత 2015నుండి శ్రీరామనవమి ఉత్సవములు ప్రభుత్వ లాంఛనములతో ఇచట జరుగుచున్నవి. కల్యాణమునకు జనసంద్రము తరలివచ్చును. అట్టి సందర్భములలో పందిళ్ళ క్రింద తాత్కాలిక కార్యాలయములు వెలయును, వానికి తాత్కాలిక రౌటర్లు కావలసివచ్చును. ఉత్సవము ముగిసి పందిరి విప్పిననాడే ఆ పెట్టెల పేర్లను వేదికనుండి తీసివేసి, వాని తాళపుచెవులను రద్దుపరచవలెను. లేనిచో గోతాములో పడియున్న పెట్టె ఎవరి చేతికి చిక్కినను, అది మన ఇంటివాడుగనే గుర్తింపబడి లోపలికి రాగలదు. దొంగిలింపబడిన పెట్టెకును, పాడై మార్చిన పెట్టెకును ఇదే విధి.

ఈ ఏర్పాటునకు గల హద్దులు

ఏ ఏర్పాటునైనను పొగడి ఊరకుండుట మేలు కాదు. దీని హద్దులు కూడ తెలియవలెను.

ఒకటి, ఒకేచోట అధికారము చేరినప్పుడు ఒకే తప్పు అందరికి తగులును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణ సంస్థ పంపిన లోపభూయిష్టమైన నవీకరణవలన ప్రపంచమున సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఒక్కసారిగ నిలిచిపోయెను. విమానములు ఆగినవి, ఆసుపత్రులు తడబడినవి. దొంగ చేసిన పని కాదది, కాపరి చేసిన పొరపాటు. కావుననే కొన్నిటితో మొదలిడి అన్నిటికి పంపుమని చెప్పితిని. వేదికకు పోవు టన్నెలు కూడ రెండు కేంద్రములకు రెండు ఉండుట మేలు. ఒకటి ఆగినను రెండవది పనిచేయును.

రెండు, వేదికను నడపు అధికారి పాస్‌వర్డు పోయినచో వాకిళ్ళన్నియు ఒక్కమారే తెరచుకొనును. అందుచే వారు పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చు రెండవ గుర్తును కూడ వాడవలెను. ఎవరికెంత పని అవసరమో అంత అధికారమే ఈయవలెను. చూచుటకు మాత్రము వచ్చువానికి మార్చు హక్కు ఏల?

మూడు, మనుష్యుని నోటికి రౌటరు తాళము వేయలేదు. ఫోనులో తీయగ మాటాడినవానికి ఓ.టి.పి. చెప్పినచో ఏ వేదికయు కాపాడదు. డిజిటల్ సంతకపు పరికరమును, దాని పిన్నును మరియొకరి చేతికిచ్చి ‘నీవే నొక్కు నాయనా’ అనినచో, గట్టి తలుపు పెట్టి చెవిని గడపమీద పెట్టినట్లే.

నాలుగు, పరీక్షించు చోట ప్రజల సమాచారము కనబడు అవకాశమున్నది. సాధారణముగ వేదిక ఉత్తరముపై చిరునామాను చూచును గాని లోపలి ఉత్తరమును చదువదు. లోపల కూడ చూచు ఏర్పాటు చేసినచో, అది ఏ పనులకు, ఎవరు చూతురు, ఎన్నినాళ్ళు దాచుదురు అను విషయములు వ్రాతమూలకముగ ఉండవలెను. అడుగుట పంచాయతీ హక్కు.

మీరడుగు ప్రశ్నలు

‘మా ఊరిలో ఇంజినీరు లేడు, మేమేమి చేయగలము?’ అని మీరనవచ్చును. పైన చెప్పిన పద్ధతి ఇంజినీరు లేని ఊళ్ళకే ఎక్కువ ఉపయోగము. మీరు చేయవలసినది ఇంజినీరు పని కాదు, ఇల్లాలి పని. ఏ వస్తువు ఎక్కడున్నది, ఎవరి చేతిలో నున్నదని ఎరిగియుండుటయే అది.

‘ఖర్చు ఎంత?’ అనునది తగిన ప్రశ్న. రౌటరు ధర ఒకసారి ఇచ్చునది, వేదిక చందా ఏటేట ఇచ్చునది. చందా నిలిచిననాడు రక్షణ నిలుచును. కావున కొనునప్పుడే మూడేండ్ల, ఐదేండ్ల చందా ఎంతయో అడిగి లెక్కించవలెను. ఒక్కొక్క పంచాయతీ విడిగ కొనుటకంటె, శాఖవారు సాంకేతికాధికారుల సలహాతో మండలమంతటికి కలిపి ఒకే వేదికను తీసికొన్నచో ధర తగ్గును, లెక్క ఒక్కటగును. ఆ స్తోమత లేని పంచాయతీ చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. పాస్‌వర్డు మార్చుటకు, బయటినుండి అమరికను మార్చు సదుపాయమును మూసివేయుటకు, నవీకరణ చేయించుటకు, రిజిస్టరు పెట్టుటకు పైసా ఖర్చు లేదు. మిరాయి వంటి దానికి ఆ మాత్రము తాళమే అడ్డుపడెడిది.

‘కీడు జరిగినచో ఎవరికి చెప్పవలెను?’ భారత కంప్యూటర్ అత్యవసర స్పందన బృందము 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశముల ప్రకారము, రౌటర్ల మీద జరిగిన దాడిని కూడ తెలిసిన 6 గంటలలో ఆ బృందమునకు తెలుపవలెను. పని నమోదు చిట్టాలను 180 రోజులు దేశములోనే భద్రపరచవలెను. ఈ ఆదేశములు ప్రభుత్వ సంస్థలకు కూడ వర్తించును. కావున అనుమానము కలిగిన వెంటనే మీ పై అధికారులకు తెలుపుడు. రేపు చూతమనుటకు వీలులేదు. సొమ్ము పోయినచో ఆ క్షణముననే 1930 అను నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగ చెప్పిన అంత సొమ్ము ఆపుటకు అవకాశము హెచ్చు.

పంచాయతీ చేయవలసినవి

రాబోవు సమావేశముననే ఈ పనులను తీర్మానముగ వ్రాసికొనుడని నా మనవి.

1. గ్రామములోని ప్రభుత్వ, పంచాయతీ భవనములన్నిటను గల రౌటర్లను లెక్కించి, సీరియల్ నంబరు, ఉన్న చోటు, కొన్న తేదీ, ఇచ్చినవారు, బాధ్యుడు అను వివరములతో ఒక రిజిస్టరు తెరువవలెను.

2. ప్రతి పెట్టెకు ఒక బాధ్యుని పేరు వ్రాయవలెను. వారు బదిలీయైననాడు తాళములవలెనే పాస్‌వర్డును కూడ అప్పగించి, క్రొత్తవారు దానిని వెంటనే మార్చుకొనవలెను.

3. ఎవరి లెక్కలోను లేని పెట్టెను విప్పి ప్రక్కన పెట్టవలెను. తయారుచేయువారు సవరణలు నిలిపివేసిన పాతదానిని మార్చవలెను.

4. పెట్టెకు గాలి తగులు చోటు, పిడుగు దెబ్బకు రక్షణ, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ సమకూర్చవలెను. మన సీమ ఎండలకు మూసిన బీరువాలో పెట్టిన రౌటరు వేడెక్కి నిలిచిపోవును.

5. రోడ్డు వెడల్పునకు, కొమ్మలు నరకుటకు ముందు స్తంభములమీది కాంతితంతిని చూచుకొని, సంబంధించినవారికి కబురు పెట్టవలెను.

6. ఏటికి రెండుమారులు రిజిస్టరును, వేదిక చిట్టాను దగ్గర పెట్టుకొని సరిచూడవలెను. ఊరిలో నుండి చిట్టాలో లేనిదియు, చిట్టాలో నుండి ఊరిలో లేనిదియు, రెండును ప్రమాదములే.

సోదరీసోదరులారా! వర్షము తక్కువైన ఈ సీమలో మన పెద్దలు నీటిబొట్టునకు లెక్క చెప్పి బ్రదికిరి. ఏ తూమునకు ఎవరు బాధ్యులో ఊరందరికి తెలిసియుండెను. అట్టి తెలివి మనకు క్రొత్తగ నేర్పవలసినది కాదు. ఆ తెలివినే ఈ చిన్నపెట్టె మీదికి మరల్చుడు. పింఛను కొరకు వేలిముద్ర వేయు ముదుసలికి రౌటరన్న మాట తెలియనక్కరలేదు. ఆమె వేలిముద్ర దొంగల పాలు కాకుండ చూచు బాధ్యత మనదని మనకు తెలిసినచో చాలును. రేపు మీ కార్యాలయమునకు పోయినప్పుడు ఆ పెట్టెను త్రిప్పి దాని అడుగుననున్న అంకెను వ్రాసికొనుడు. పని అక్కడ మొదలగును.